సాహస నవలల్లో పెద్దవాళ్లు ఎక్కడికి వెళ్లిపోతారు? బడి నవలలు, మన ఊళ్లు

చంపావతి (విజయనగరం, తొమ్మిదో తరగతి)
శనివారం, సాయంత్రం 6:10

అందరికీ నమస్కారం. ఈ వేసవి సెలవుల్లో నేను చదివినవి దాదాపు అన్నీ రెండు రకాల పుస్తకాలే: సాహస నవలలు, బడి నవలలు. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల కోసం రాసినవి. చదువుతుండగా ఒక ఆలోచన పట్టుకుంది. అది మీ ముందు పెడుతున్నాను.

సాహసం మొదలుపెట్టాలంటే రచయిత ముందుగా పెద్దవాళ్లను తప్పిస్తాడు. స్టీవెన్‌సన్ రాసిన ‘ట్రెజర్ ఐలాండ్’లో జిమ్ తండ్రి మొదట్లోనే చనిపోతాడు. తల్లి సత్రం దగ్గరే ఉండిపోతుంది. నిధి కోసం వెళ్లే ఓడలో డాక్టరు, కెప్టెన్ వంటి పెద్దలు ఉన్నా, ఆపిల్ పండు కోసం పీపాలోకి దిగి దొంగల కుట్ర వినేది జిమ్ ఒక్కడే. ఆ క్షణంలో ఓడ మొత్తం మీద నిజం తెలిసిన మంచివాడు ఒక పిల్లవాడు. ఆ పేజీ దగ్గర నాకు ఊపిరి ఆడలేదు. ఎనిడ్ బ్లైటన్ ‘ఫేమస్ ఫైవ్’ పుస్తకాల్లో అయితే పిల్లలను సెలవులకు పిన్ని ఇంటికి పంపేస్తారు. బాబాయి శాస్త్రవేత్త, గది తలుపు వేసుకుని పనిలో మునిగిపోతాడు. ఇక దీవి పిల్లలదే, కోట పిల్లలదే. ఈ వరసలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. ఎక్కడికి వెళ్లినా వంట సర్దేది, పక్కలు వేసేది ఆన్ అనే చిన్న పిల్లే. అది చదివినప్పుడల్లా కోపం వచ్చేది.

బడి నవలల్లో తప్పించాల్సిన అవసరం ఉండదు. పిల్లలే ఇల్లు వదిలి హాస్టలుకు వెళ్లిపోతారు. బ్లైటన్‌దే ‘మలోరీ టవర్స్’ వరస ఆరు పుస్తకాలు, 1946 నుంచి 1951 వరకు వచ్చాయి. మొదటి దాంట్లో డారెల్ అనే అమ్మాయికి కోపం ఎక్కువ. ఈత కొలనులో భయస్థురాలైన ఒక పిల్లను గ్వెండొలిన్ నీళ్లలో ముంచితే, డారెల్ వెళ్లి గ్వెండొలిన్‌ను చెంపల మీద కొడుతుంది. తరవాత ఇంకో రోజు శాలీని గట్టిగా తోసేస్తుంది. శాలీకి కడుపునొప్పి వచ్చి పడిపోతే, తనవల్లే అనుకుని డారెల్ ఆ రాత్రంతా నలిగిపోతుంది. నిజానికి అది అపెండిసైటిస్. కానీ ఆ రాత్రి డారెల్‌కు అది తెలియదు కదా. దొంగల గుహల కంటే ఆ రాత్రే నన్ను ఎక్కువ భయపెట్టింది. గుహలోంచి బయటపడవచ్చు. తోసేసిన చేయి మనతోనే ఉంటుంది.

నా ప్రశ్న ఇది. మన దగ్గర పిల్లలు ఎక్కడికి వెళ్లినా అరగంటకు ఒకసారి ఇంటి నుంచి ఫోను వస్తుంది. ట్యూషన్‌కు నాన్న దింపుతారు, అమ్మ తీసుకొస్తుంది. మరి మన ఊళ్లో సాహస నవల ఎలా మొదలవుతుంది? విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో జరిగే, నా వయసు పిల్లలు ముఖ్యపాత్రలుగా ఉన్న నవల మీలో ఎవరైనా చదివారా?

మూడులాంతర్లు (విజయనగరం, ఏడో తరగతి)
శనివారం, రాత్రి 7:02

అక్కా, నాకు బ్లైటన్‌దే ‘ఫైవ్ ఫైండ్ ఔటర్స్’ ఇష్టం. దాంట్లో ఫ్యాటీ ఒక ఉపాయం చెబుతాడు. గదిలో బంధిస్తే, తలుపు కింద నుంచి న్యూస్‌పేపరు బయటికి తోయాలి. తాళంచెవి బయటివైపు కన్నంలోనే ఉంటుంది కాబట్టి దాన్ని లోపలి నుంచి పుల్లతో నెట్టాలి. అది పేపరు మీద పడుతుంది. పేపరును లోపలికి లాగేసుకోవడమే. నిమ్మ, నారింజ లాంటి పండ్ల రసంతో రాసి వేడి చూపిస్తే అక్షరాలు గోధుమరంగులో పైకి తేలేది కూడా అందులోనే. నిమ్మరసం మా ఇంట్లో చేసి చూశాను, పని చేసింది. తాళంచెవి ఉపాయం మాత్రం కుదరదు. మన తలుపులకు బయట గడియ, దానికి తాళంకప్ప. కన్నంలోంచి నెట్టడానికి ఏమీ ఉండదు. మన తలుపులకు సరిపోయే ఉపాయాలు ఎవరైనా రాయాలి.

గంటస్తంభం (విజయనగరం, విశ్రాంత ఉపాధ్యాయుడు)
శనివారం, రాత్రి 9:35

చంపావతి తల్లీ, చాలా బాగా రాశావు. నువ్వు చెప్పిన ఆపిల్ పీపా నేను తెలుగులో చదివాను. ఆ నవలను నండూరి రామమోహనరావు గారు ‘కాంచనద్వీపం’ పేరుతో తెచ్చారు. మార్క్ ట్వేన్ ‘టాం సాయర్’ కూడా ఆయనే అనువదించారు. మా తరానికి మిసిసిపీ నది ఆయన చేతి మీదుగానే పరిచయం.

నీ మాటను కొంచెం పొడిగిస్తాను. పెద్దవాళ్లు లేకపోవడం పైకి కనిపించే ఏర్పాటు. లోపల జరిగేది వేరు. పిల్లవాడు ఒక నిర్ణయం తీసుకుంటే దానికి నిజమైన ఫలితం ఉంటుంది. జిమ్ ఎవరికీ చెప్పకుండా చిన్న పడవలో వెళ్లి ఓడ లంగరు తాడు కోసేస్తాడు. చెప్పకుండా పోవడం తప్పే, కానీ ఓడ దక్కింది ఆ పని వల్లే. టాం, బెకీ గుహలో దారి తప్పి చివరి కొవ్వొత్తి కూడా అయిపోయినప్పుడు, టాం జేబులోని గాలిపటం దారాన్ని ఒక రాతికి కట్టి, చీకట్లో ఒక్కొక్క దారీ తడుముతూ వెళతాడు. బెకీని కూర్చోబెట్టి తను ముందుకు వెళ్లాలా వద్దా అన్నది వాడే తేల్చుకోవాలి. ఆ దారం ముక్కలో ఉన్నంత సాహసం కత్తియుద్ధాల్లో ఉండదని నా నమ్మకం.

‘చందమామ’ సంగతి కూడా చెప్పాలి. పత్రిక 1947 జులైలో మొదలైంది. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు 1954లో ‘తోకచుక్క’తో మొదలై ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’ ఇలా ఏళ్ల తరబడి నడిచాయి. చిత్రా గారి బొమ్మలతో సహా వాటిని కంఠతా పట్టినవాళ్లం. అయితే ఒకటి గమనించు. శిఖిముఖి, విక్రమకేసరి, ఖడ్గవర్మ, జీవదత్తుడు, వీళ్లంతా యువకులు. కత్తి పట్టగల వయసు. చదివేది పిల్లలు, సాహసం చేసేది యువకులు. పన్నెండేళ్ల పిల్లను మధ్యలో నిలబెట్టి ఆమె నిర్ణయం మీద కథ నడిపిన తెలుగు నవల అంటే, నేను కూడా చాలాసేపు వెతుక్కోవాలి.

బడి నవల పాతదే. థామస్ హ్యూస్ రగ్బీ పాఠశాల మీద ‘టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్’ 1857లో రాశాడు. ఆర్.కె. నారాయణ్ ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ 1935లో వచ్చింది. అందులో స్వామి హాస్టలు పిల్లవాడు కాదు, ఇంటి నుంచే బడికి వెళతాడు. నాన్న ఉంటాడు, బామ్మ ఉంటుంది. అయినా అడవిలో దారి తప్పిపోతాడు, ఆడాల్సిన క్రికెట్ మ్యాచ్ పోగొట్టుకుంటాడు. ఇంట్లో పెద్దలు ఉండగానే పిల్లవాడు ఒంటరి కావచ్చు. నువ్వు ఫోను గురించి అన్నావు కాబట్టి ఇది చెప్పాను.

నాగావళి (శ్రీకాకుళం జిల్లా, గురుకుల ఉపాధ్యాయిని)
ఆదివారం, ఉదయం 6:50

నేను బాలికల గురుకులంలో తెలుగు చెబుతాను. రాత్రి స్టడీ అవర్ అయిపోయాక ఒక అధ్యాయం చొప్పున మా పిల్లలకు బడి నవలలు చదివి వినిపిస్తుంటాను. అందుకే చంపావతి మాటల్లో ఒకచోట ఆగాను. ఆ నవలల్లో హాస్టలు అంటే స్వేచ్ఛ. అర్ధరాత్రి విందులు, ఆటల పోటీలు, టీచర్లను ఏడిపించడం. మా పిల్లల్లో ఎక్కువమంది ఇల్లు వదిలింది స్వేచ్ఛ కోసం కాదు. అమ్మానాన్నలు వలస వెళ్లారు, లేదా ఊళ్లో పై తరగతులు లేవు.

అందుకని వాళ్లు గుర్తుపట్టేవి వేరే ఉంటాయి. అర్ధరాత్రి విందు చదివితే ఊరుకున్నారు. కొత్త పిల్ల మొదటి రాత్రి దుప్పటి ముఖం మీదికి లాక్కుని చప్పుడు చేయకుండా ఏడ్చే చోట మాత్రం గది మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఆరో తరగతి పిల్ల ఒకతె వచ్చి, ‘‘టీచర్, ఆ అమ్మాయికి కూడా ట్రంకుపెట్టె తాళం మెడలో ఉంటుందా’’ అని అడిగింది. మా వాళ్లందరూ తాళంచెవిని నల్లదారానికి కట్టి మెడలో వేసుకుంటారు. స్నానానికి కూడా తీయరు.

హ్యారీ పోటర్ చదివినప్పుడు మరీ స్పష్టంగా తెలిసింది. హ్యారీకి సెలవులంటే శిక్ష, బడే ఇల్లు. మా పిల్లలకు దసరా, సంక్రాంతి ఎప్పుడొస్తాయా అని గోడ మీద గీతలు. తల్లిదండ్రులు చూడటానికి వచ్చే ఆదివారం గేటు దగ్గర నిలబడే పిల్లలను చూస్తే, బడి నవలలో రాయాల్సిన అధ్యాయం అదే అనిపిస్తుంది. అందరి వాళ్లూ వచ్చి, ఒక్క పిల్లకు ఎవరూ రాని ఆదివారం. మిగిలిన పిల్లలు ఆ పిల్లతో ఏం చేస్తారు, ఎవరు తమ జంతికలు పంచుతారు, ఎవరు చూసీ చూడనట్టు పోతారు. దీన్ని సాహసం అంటాను నేను.

పిల్లలందరికీ నచ్చిన పుస్తకం ఒకటుంది. జపాన్‌లో 1981లో వచ్చిన తెత్సుకో కురొయనాగి పుస్తకం, తెలుగులో ‘రైలుబడి’. నవల కాదు, ఆమె సొంత బాల్యమే. పాత రైలుపెట్టెలు తరగతి గదులుగా ఉన్న బడి. మొదటి రోజు హెడ్‌మాస్టరు కొబయాషి గారు ఆ పిల్ల చెప్పేవన్నీ గంటల తరబడి విన్నారు. మధ్యాహ్నం డబ్బాలో సముద్రం నుంచి కొంత, కొండ నుంచి కొంత ఉండాలని ఆయన నియమం. మా పిల్లలు ఆ పుస్తకం విన్న తరవాత భోజనాల దగ్గర, ‘‘ఇది సముద్రం, ఇది కొండ’’ అని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మత్స్యకార గ్రామాల పిల్లలు, కొండ మీది పిల్లలు మా దగ్గర ఒకే బల్ల మీద తింటారు. ఆ నియమం పెట్టడానికి ఇంతకంటే తగిన బడి ఎక్కడుంది?

ఉద్దానం (పలాస దగ్గర, డిగ్రీ విద్యార్థి)
ఆదివారం, ఉదయం 11:15

పెద్దవాళ్లు లేకపోతేనే సాహసం అనే మాట నేను ఒప్పుకోను. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మా పలాస వైపు తీరం దాటింది. అప్పుడు నేను ఆరో తరగతి. అమ్మ, నాన్న, తాత, ఊళ్లోవాళ్లందరూ ఉన్నారు. అందరం బడిలోనే ఉన్నాం, ఊళ్లో గట్టి శ్లాబు ఉన్నది బడికే కాబట్టి.

తెల్లారాక చూస్తే తోటలో కొబ్బరిచెట్లు అన్నీ ఒకే దిక్కుకు పడి ఉన్నాయి. జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. పెద్దవాళ్లు అలా నిలబడిపోయారు. తాత నాటిన చెట్లు అవి. ఆయన ఒక మొద్దు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. ఆ పూట పనులు నడిపింది పిల్లలమే. పడిన చెట్ల కింద నుంచి దూరి వెళ్లగలిగేది మేమే కాబట్టి, పక్క వీధిలో ఎవరు ఎలా ఉన్నారో చూసి వచ్చాం. కరెంటు లేదు, మోటార్లు లేవు. చేతిపంపు దగ్గర వరస పెట్టించింది మా తరగతి అమ్మాయే. ముసలివాళ్లకు ముందు, తరవాత పసిపిల్లలున్న ఇళ్లకు. పెద్దవాళ్లు ఆ అమ్మాయి మాట విన్నారు.

దీవులు, కోటలు ఉన్న పుస్తకాలు నేనూ చదివాను. ఆ రోజుతో పోలిస్తే అవి సెలవుల ఆటలు. పెద్దవాళ్ల చేతులు ఖాళీ లేనప్పుడు, మనసు చెదిరినప్పుడు పిల్లలు ఏం చేశారో ఎవరైనా రాస్తే, అది చదవాలని ఉంది.

వంశధార (శ్రీకాకుళం)
ఆదివారం, మధ్యాహ్నం 2:40

ఉద్దానం తమ్ముడి మాట చదివి కాసేపు ఆగాను. చంపావతి అడిగిన దానికి నాకు తెలిసినంత చెబుతాను.

మన ప్రాంతం కథలకు పెట్టింది పేరు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం ప్రారంభించారు. తెలుగు కథ అచ్చయిన పత్రికలు, సంపుటాలు ఒక్కచోట చేర్చాలన్నది ఆయన పట్టుదల. ఆ అల్మరాల మధ్య కూర్చుంటే మన ఉత్తరాంధ్ర కథల్లో పిల్లలు ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది. విజయనగరం చాసో గారి ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ చూడండి. చదువు ఆగిపోతుందేమోనన్న దిగులుతో ఉన్న బడి పిల్లవాడి కథ. కొద్ది పేజీల్లో ఒక పిల్లవాడి సిగ్గు, ఆశ అంత దగ్గరగా పట్టుకున్న కథలు తక్కువ. కానీ అది పెద్దల కోసం రాసిన కథ. మన మహారచయితలు పిల్లల గురించి రాశారు, పిల్లలకు చదివించడానికి నవలగా విస్తరించలేదు. లోటు అక్కడ ఉంది.

కొత్తగా అసలు రావడం లేదని కాదు. ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ, అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా కలిసి పిల్లల నవలలకు పోటీలు పెట్టి, ఎంపికైనవి అచ్చు వేశాయి. సాహిత్య అకాడెమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారాలు ఇస్తోంది. అయినా మన బడి, మన తీరం, మన తుపాను కలిసిన నవల నా చేతికి ఇంకా రాలేదు. అందుకు కారణం రాసేవాళ్లు లేకపోవడం మాత్రమే కాదు. పిల్లల పుస్తకం అనగానే అమ్మానాన్నలు చివరి పేజీలో నీతి ఉందా అని చూసి కొంటారు. డారెల్ లాగా చెంపదెబ్బ కొట్టిన పిల్లను కథానాయికగా పెడితే, కొనేవాళ్లు ఎందరు?

స్థలాలకైతే కొదవ లేదు. వంశధార పక్కన కొండ మీద సాలిహుండం బౌద్ధ స్తూపాలు, నది సముద్రంలో కలిసే కళింగపట్నం, అక్కడి దీపస్తంభం. గూళ్లు కట్టి పిల్లలను పెంచడానికి ఏటా తేలినీలాపురం వచ్చే పక్షులు. గుడ్లు పెట్టడానికి రాత్రిళ్లు తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు.

గంటస్తంభం
ఆదివారం, సాయంత్రం 5:05

వంశధార గారు స్థలాల పేర్లు చెప్పారు కాబట్టి ఒక పని సూచిస్తాను. స్టీవెన్‌సన్ ఆ దీవి నవల రాయకముందు పటం గీశాడు. 1881లో స్కాట్లాండ్‌లోని బ్రేమార్‌లో, వానకు ఇంట్లో ఉండిపోయిన రోజుల్లో, తన సవతి కొడుకు లాయిడ్‌తో కలిసి రంగులతో ఒక దీవి బొమ్మ వేశాడు. కథ ఆ పటంలోంచి పుట్టింది. చంపావతీ, నువ్వు రాయదలచుకుంటే ముందు పటం గీయి. చేతిపంపు ఎక్కడ, బడి ఎక్కడ, సముద్రం ఎంత దూరం, కాలువ దాటాలంటే ఎక్కడ దాటాలి. ఆ దూరాలు తేలితే ఎవరు ఎవరికంటే ముందు చేరతారో తెలుస్తుంది.

మన విజయనగరం దగ్గర కోరుకొండలో సైనిక పాఠశాల 1962 నుంచి ఉంది. ఆరో తరగతిలో చేరిన పిల్లవాడు పన్నెండు దాకా అక్కడే పెరగవచ్చు. అలాంటి బడి మీద పిల్లల నవల నేను చదవలేదు. నాగావళి గారి గురుకులం మీదా చదవలేదు. ఈ రెండు రకాల హాస్టళ్ల పిల్లలు ఒక ఆటలపోటీలో కలిస్తే చాలు, ఒక నవలకు సరిపడా సంగతి ఉంటుంది.

చంపావతి
ఆదివారం, రాత్రి 8:30

అందరి మాటలూ నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఉద్దానం అన్నయ్యా, నాకు కావలసిన ముడి మీ మాటల్లో దొరికింది. పెద్దవాళ్లను చంపనక్కరలేదు, ఎక్కడికో పంపనక్కరలేదు. వాళ్లు పక్కనే ఉంటారు, ఆ పూటకు వాళ్ల వల్ల కాదు. ఫోను కూడా మోగదు, టవర్లు పడిపోయి ఉంటాయి. నాగావళి టీచర్ చెప్పిన ఆదివారం పిల్లను కూడా అక్కడికి తెస్తాను. ఇంటి నుంచి ఎవరూ రాని పిల్ల, సెలవుకు స్నేహితురాలి ఊరికి వచ్చి ఉంటుంది. అప్పుడు తుపాను. ఊరి పిల్లలకు ఆమె కొత్త, ఆమెకు ఊరు కొత్త. ఎవరూ రాని పిల్ల తనే వెళ్లి అందరినీ చూసి రావాల్సి వస్తుంది.

మొదటి అధ్యాయంలో రాత్రిపూట ఊరంతా బడికి చేరుకుంటుంది. కానీ బడికి తాళం వేసి ఉంది. హెడ్‌మాస్టరు వేరే ఊళ్లో ఉన్నారు. గాలి మొదలైంది. తమ్ముడూ, ఇక్కడ నీ న్యూస్‌పేపరు ఉపాయం పనికిరాదు, బయట తాళంకప్ప. మరి పిల్లలు లోపలికి ఎలా వెళ్లాలి?

వంశధార గారూ, నీతి చివరి పేజీలో పెట్టను. ఆ పిల్ల ఒక తప్పు కూడా చేస్తుంది. పంపు దగ్గర తన స్నేహితురాలి ఇంటికి ముందు నీళ్లు ఇప్పిస్తుంది. దానికి పర్యవసానం ఉంటుంది. అది ఏమిటో ఇంకా తేలలేదు.

అన్నయ్యా, ఒకటి అడగాలి. ఆ రాత్రి బడి లోపల ఏం వినిపించింది? ఏం తిన్నారు?

మూడులాంతర్లు
ఆదివారం, రాత్రి 8:41

తాళంకప్పను ముట్టుకోవద్దు. కిటికీ చూడాలి. మా బడిలో ప్రతి కిటికీకి ఒక చువ్వ వదులుగా ఉంటుంది. ఏది వదులో ఆ గదిలో కూర్చునే పిల్లలకే తెలుసు, టీచర్లకు తెలియదు. చువ్వను పైకి ఎత్తి పక్కకు జరిపితే చిన్నపిల్లలు దూరగలరు. లోపలికి వెళ్లి ఇంకో తలుపు గడియ తీయాలి. ఆ తలుపుకు బయట తాళం ఉండకూడదు, అది మీరు చూసుకోండి.

ఉద్దానం
ఆదివారం, రాత్రి 9:20

వంటగది వైపు తలుపు అలా ఉంటుంది చంపావతి చెల్లీ. మధ్యాహ్న భోజనం వండే గదికీ వరండాకూ మధ్య తలుపు లోపలి నుంచే వేస్తారు. మా బడిలో కూడా అంతే.

శబ్దం సంగతి. మొదట ఈల లాగా వచ్చింది, తరవాత ఆగకుండా లారీ వెళుతున్నట్టు. చెట్లు విరిగే చప్పుడు విడిగా వినిపించలేదు, అంత గాలి. మాటలు వినాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి. బెంచీలను కిటికీలకు అడ్డంగా నిలబెట్టి, వాటికి వీపు ఆనించి మగవాళ్లు వంతులవారీగా కూర్చున్నారు. పిల్లలను నల్లబల్ల కింద మూలకు చేర్చారు. తిన్నది అటుకులు, బెల్లం. ఒక అవ్వ జీడిపప్పు మూట తెచ్చింది, అమ్మడానికి దాచుకున్నది. అర్ధరాత్రి దాన్ని విప్పి అందరికీ గుప్పెడు గుప్పెడు పంచింది. పిల్లలకే కాదు, తనతో ఏళ్లుగా మాటలు లేని పక్కింటివాళ్లకు కూడా.

పటం నేను గీసి పెడతాను. తీరం నుంచి ఊరికి వచ్చే దారిలో కాలువ మీద కల్వర్టు ఒకటే ఉంది, అది ఆ రాత్రి మునిగింది. మీ కథలో ఆ పిల్ల కాలువకు ఏ వైపున ఉంటుందో ముందే తేల్చుకోండి.

నాగావళి
ఆదివారం, రాత్రి 9:48

మొదటి అధ్యాయం అయిన వెంటనే ఇక్కడ పెట్టు చంపావతీ. మా పిల్లలకు రాత్రి చదివి వినిపించి, వాళ్లు ఎక్కడ ప్రశ్నలు అడిగారో రాసి పంపుతాను. ట్రంకుపెట్టె తాళంచెవిని మరిచిపోకు, ఆ పిల్ల మెడలో ఉండాలి.